ముట్లుడిగిన తర్వాత మిగిలే పదమూడేళ్ళ సర్వీసు

(సమాఖ్య మహిళా ఉద్యోగినుల సదస్సులో, రైల్వే వైద్యశాలలలో చిరకాలం పనిచేసి పదవీ విరమణ చేసిన స్త్రీవ్యాధుల వైద్యురాలు ఒకరు చేసిన ఉపన్యాస పాఠం.)



కార్యక్రమ పత్రంలో నా ఉపన్యాస విషయాన్ని "మధ్యవయస్సులో స్త్రీల ఆరోగ్యం" అని అచ్చువేశారు. నిర్వాహకుల మొగమాటం నాకు అర్థమైనది. నేను మాట్లాడబోయేది రజోనివృత్తి తర్వాత యోని పొడిబారడం గురించి, దాని వలన కలిగే మంట గురించి, మూత్రబాధల గురించి, దానికి ఉన్న చికిత్స గురించి. ఈ మాట వినగానే వెనుక ఇద్దరు సోదరులు లేవబోయారు. దయచేసి కూర్చోండి. మీ ఇండ్లలో భార్యలు, అక్కలు, తల్లులు ఉన్నారు. మీ పక్క కౌంటరులో పనిచేసే ఆమె కూడా ఉన్నది. ఈ ఉపన్యాసంలో సగం మీ కోసమే.

మన సర్వీసు నిబంధనలకు స్త్రీ శరీరం గురించి తెలిసినది ప్రసవం ఒక్కటే. ఆరవ వేతన సంఘం సిఫారసుల మేరకు 2008లో ప్రసూతి సెలవు 180 రోజులైనది. పిల్లల సంరక్షణకు సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు వచ్చినది. అవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, అడిగి తెచ్చుకున్నవి. అయితే బిడ్డలను కనే వయస్సు దాటిన తర్వాత ఉద్యోగిని శరీరంలో ఏమి జరుగుతున్నదో ఏ నిబంధనకూ పట్టలేదు. మన దేశంలో స్త్రీలకు ముట్లుడిగే సగటు వయస్సు సుమారు 46, 47 ఏళ్ళు. పాశ్చాత్య దేశాలలో అది 51. మన పదవీ విరమణ వయస్సు 60. గ్రామీణ డాక్ సేవకులకు 65. అంటే రజోనివృత్తి తర్వాత ఒక ఉద్యోగిని ఇంకా పదమూడేళ్ళు కుర్చీలో కూర్చోవాలి, పట్టాల వెంట నడవాలి, సంచులు మోయాలి. బ్రాంచి పోస్టాఫీసు నడిపే గ్రామీణ సేవకురాలికైతే పద్దెనిమిదేళ్ళు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి వచ్చిన వారికి ఇంకొక మాట చెప్పాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఈ శస్త్రచికిత్సలలో ఎన్ని నిజంగా అవసరమైనవో చర్చించడానికి ఇంకొక సదస్సు కావాలి. గర్భసంచితో పాటు అండాశయాలను కూడా తీసివేస్తే ఆ రోజే ముట్లుడిగినట్లు. ముప్ఫై అయిదేళ్ళకే ఆపరేషను జరిగిన స్త్రీకి ఇప్పుడు నేను చెప్పబోయే బాధలు నలభై దాటకముందే మొదలు కావచ్చు. ఆ సంగతి ఆమెకు ఆపరేషను బల్ల మీద ఎక్కించే ముందు ఎవరైనా చెప్పారా అని నేను అడిగినప్పుడు, "చెప్పారండీ" అన్న స్త్రీలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది.

ఒక ఉద్యోగిని కథ చెబుతాను. ఊరు, పేరు చెప్పను. నా తప్పు కూడా అందులో ఉన్నది గనుక నిస్సంకోచంగా చెప్పగలను.

ఆమె బుకింగ్ క్లర్కు. వయస్సు 52. రెండేళ్ళలో తొమ్మిదిసార్లు నా వద్దకు వచ్చినది. వచ్చిన ప్రతిసారీ మాట ఒక్కటే: "డాక్టరమ్మగారూ, మళ్ళీ వేడి చేసిందండీ. ఒంటేలుకు వెళ్తే మంట." మన వారి భాషలో ఒంటికి ఏమి జరిగినా వేడి చేయడమే గదా! సబ్జా గింజలు నానబెట్టి త్రాగినది, బార్లీ నీళ్ళు త్రాగినది, మజ్జిగ త్రాగినది. తగ్గకపోతే నా వద్దకు వచ్చినది. నేను ప్రతిసారీ యాంటిబయాటిక్ మాత్రలు వ్రాసి ఇచ్చాను. మూత్ర పరీక్షలో ఒక్కొక్కసారి సూక్ష్మక్రిములు కనిపించేవి, ఒక్కొక్కసారి ఏమీ కనిపించేవి కావు. కనిపించనప్పుడు మంట ఎందుకు ఉన్నది అని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. "నీళ్ళు బాగా త్రాగండి" అని చెప్పి పంపేదాన్ని. ఒకసారి ఆమె నవ్వి, "నీళ్ళు త్రాగితే కౌంటరు ఎవరు చూస్తారండీ?" అన్నది. మరుగుదొడ్డి ప్లాట్‌ఫారం అవతలి కొసన ఉన్నది. నగదు పెట్టెకు తాళం వేసి, కిటికీ మూసి, వరుసలో నిలబడినవారి తిట్లు విని పోయి రావాలి. అందుకని ఆమె ఉదయం డ్యూటీకి వచ్చే ముందు గ్లాసెడు నీళ్ళు త్రాగి, మళ్ళీ ఇంటికి పోయిన తర్వాతనే త్రాగేది. ఆ మాట కూడా నా చెవికి సోకినదే గాని బుద్ధికి సోకలేదు.

తొమ్మిదవసారి ఆమె మందుల కోసం రాలేదు. స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు వ్రాసుకుని, అనారోగ్య కారణం ఎట్లా వ్రాయాలో నన్ను అడగడానికి వచ్చినది. పెద్ద కుమార్తె పెండ్లి ఇంకా కాలేదు. ఎనిమిదేళ్ళ జీతం వదులుకోవడానికి సిద్ధపడినది. అప్పుడు మా వద్ద చాలాకాలంగా పనిచేస్తున్న నర్సు ఒకామె నా పక్కకు వచ్చి మెల్లగా, "ఒక్కసారి బల్ల ఎక్కించి చూడండమ్మా" అన్నది. రెండేళ్ళలో నేను చేయని పని అది.

చూశాను. యోని లోపలి పొర పలుచబడి పాలిపోయి ఉన్నది. అక్కడక్కడ సూదిమొనలంత ఎర్రని మచ్చలు. పరీక్ష పరికరం తాకితేనే నెత్తురు చెమ్మ కనిపించినది. తలుపు మూయించి అడిగితే అప్పుడు చెప్పినది: మూడేళ్ళుగా భర్తకు దూరంగా పిల్లల గదిలో పడుకుంటున్నది. ఆయన మొదట కోప్పడ్డాడు, తర్వాత అనుమానించాడు, తర్వాత మాట్లాడటం తగ్గించాడు. ఆ రెంటికీ, అంటే మూత్రంలో మంటకూ ఆ గదికీ, మూలకారణం ఒకటేనని ఆమెకు తెలియదు. తెలిసి ఉండవలసిన నాకు తోచలేదు.

కారణం ఇది. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోను యోని గోడలను మందంగా, తేమగా, సాగే గుణంతో ఉంచుతుంది. మూత్రం వెలుపలికి వచ్చే నాళం చివరి భాగానికి, మూత్రాశయం అడుగు భాగానికి కూడా అదే పోషణ. ఆ గోడలలో నిలువ ఉండే ఒక రకమైన పిండిపదార్థాన్ని తిని బ్రతికే మేలు చేసే సూక్ష్మజీవులు అక్కడ ఉంటాయి. మన ఇండ్లలో పాలను తోడుపెట్టే జీవులకు అవి దాయాదులు. అవి పులుపును, అనగా ఆమ్లాన్ని, తయారుచేసి హానికరమైన క్రిములను చేరనీయవు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అక్కడి పి.హెచ్. 4.5 లోపు ఉంటుంది. ముట్లుడిగిన తర్వాత ఈస్ట్రోజెన్ పడిపోతుంది, గోడలు పలుచనవుతాయి, ఆ మేలు జీవులకు తిండి లేకుండా పోతుంది, పులుపు తగ్గి పి.హెచ్. 5 దాటుతుంది. పేగులలోని క్రిములు అక్కడ కాపురం పెట్టి మూత్రనాళంలోకి ప్రాకుతాయి. దాయాదులని అన్నాను గదా అని ఎవరూ పెరుగు తెచ్చి లోపల పూయవద్దు. ఆ ప్రయోగం చేసి వచ్చినవారిని చూశాను కనుక చెబుతున్నాను.

పొడిబారడం, దురద, మంట, కలయికలో నొప్పి, తర్వాత చుక్క నెత్తురు, మాటిమాటికీ మూత్రానికి పోవాలనిపించడం, ఆపుకోలేకపోవడం, మళ్ళీ మళ్ళీ మూత్రంలో ఇన్‌ఫెక్షను, ఇవన్నీ ఒకే చెట్టు కొమ్మలు. ఈ కారణం చేతనే 2014లో అంతర్జాతీయ వైద్య సంఘాలు "యోని క్షీణత" అన్న పాత పేరును వదలి, మూత్ర జననేంద్రియాలు రెండింటినీ కలిపి రజోనివృత్తి లక్షణ సముదాయంగా పేరు మార్చాయి. పేరు మార్పు మంచిదే. "క్షీణత" అన్న మాటను ఏ స్త్రీ తన ఒంటికి అన్వయించుకుంటుంది? ముట్లుడిగిన స్త్రీలలో సుమారు సగం మందికి ఈ బాధలలో కొన్నియైనా ఉంటాయి. ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి చెమటలు పట్టడం కొన్నేళ్ళకు చాలామందిలో తగ్గిపోతుంది. ఇది అట్లా కాదు. చికిత్స చేయకపోతే ఏటేటా పెరుగుతుంది. "ఓర్చుకుంటే అదే పోతుంది" అన్న అత్తగారి సలహా ఆవిర్లకు పనికి రావచ్చును, దీనికి పనికిరాదు.

నా తప్పుకు సాకు కూడా లేదు. 1993లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వెలువడినది. ఇజ్రాయెల్ దేశంలో, ముట్లుడిగి మాటిమాటికీ మూత్ర ఇన్‌ఫెక్షనుతో బాధపడే 93 మంది స్త్రీలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు యోనిలో పూసుకునే ఈస్ట్రియాల్ క్రీము, రెండవ జట్టుకు మందు లేని ఉత్త క్రీము ఇచ్చారు. ఉత్త క్రీము వాడినవారికి ఏడాదికి సగటున 5.9 సార్లు ఇన్‌ఫెక్షను వచ్చినది. మందు క్రీము వాడినవారికి 0.5 సార్లు. నేను తొమ్మిది చీటీలలో యాంటిబయాటిక్ వ్రాస్తున్న కాలానికి ఆ పత్రిక మా గ్రంథాలయంలో దుమ్ము కొట్టుకుని ఉన్నది.

చికిత్స సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీలో చాలామంది చీటీ తీసుకుని ఇంటికి పోయి మందు పెట్టె తెరచి, లోపలి కాగితం చదివి భయపడి మందు బల్లలో పడవేస్తారు.

బాధ స్వల్పంగా ఉన్నవారికి హార్మోను లేని పూతలు చాలును. వీటిలో రెండు రకాలు. తేమను నిలిపే జెల్ వారానికి రెండు మూడుసార్లు వాడేది. కలయిక అవసరం ఉన్నా లేకున్నా వాడాలి. రెండవది కలయిక సమయంలో మాత్రమే వాడే జారుడు జెల్. నీటితో చేసినవి, సిలికోన్‌తో చేసినవి దొరుకుతాయి. కొబ్బరినూనె వాడేవారు మనలో ఉన్నారు. కొందరికి ఉపశమనం ఉండవచ్చు, కాని నూనె తగిలితే రబ్బరు కండోమ్ చిరిగిపోతుంది. చివరి ముట్టు తర్వాత ఏడాది నిండేవరకు గర్భం రాదని నమ్మకం లేదు, ఆ సంగతి మరువవద్దు. సబ్బు, క్రిమిసంహారక ద్రవాలు, పటిక నీళ్ళు లోపలికి వాడటం ఈ రోజే మానండి. పటిక ఉన్న కాస్త తేమనూ పీల్చివేస్తుంది. పొగ త్రాగడం కూడా ఈస్ట్రోజెన్‌ను తగ్గిస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాలలో అడ్డపొగ త్రాగే తల్లులున్న సోదరీమణులు ఈ మాట ఇంట్లో చెప్పండి; నోటి క్యాన్సరు మాట వినని తల్లి ఈ మాట వింటుందేమో.

వీటితో తగ్గకపోతే, లేదా మూత్ర ఇన్‌ఫెక్షను మళ్ళీ మళ్ళీ వస్తూ ఉంటే, అక్కడికే పనిచేసే స్వల్ప మోతాదు ఈస్ట్రోజెన్ ఇస్తాము. మన దేశంలో ఈస్ట్రియాల్ క్రీము ఎక్కువగా వాడుతారు. మొదటి రెండు మూడు వారాలు ప్రతిరాత్రి, తర్వాత వారానికి రెండు రాత్రులు. గొట్టం వెల కొన్ని వందల రూపాయలు, కాని వారానికి రెండుసార్లు వాడే దశలో చాలాకాలం వస్తుంది. కొన్ని వారాలలో గుణం తెలుస్తుంది, పూర్తి ఫలితానికి మూడు నెలలు ఆగాలి. పది రోజులు వాడి "పనిచేయలేదండీ" అని మానవద్దు. బాధ తగ్గగానే మానితే మళ్ళీ వస్తుంది. రక్తపోటు మాత్ర వలె దీన్ని కొనసాగించాలి.

ఇక ఆ కాగితం సంగతి. 2002లో అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరుగుతున్న ఒక పెద్ద పరిశోధనను మధ్యలో ఆపివేశారు. వారిలో సుమారు సగం మందికి నోటి ద్వారా రెండు హార్మోనులు కలిపి ప్రతిరోజూ ఇచ్చారు. వారిలో రొమ్ము క్యాన్సరు ఏడాదికి పదివేల మందికి ఎనిమిది మంది చొప్పున ఎక్కువైనది; గుండెజబ్బు, పక్షవాతం కూడా కొంత పెరిగాయి. ఆ తర్వాత అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈస్ట్రోజెన్ ఉన్న ప్రతి మందు మీద, చుక్కంత వాడే క్రీము మీద కూడా, ఒకే హెచ్చరిక వేయించినది. లెక్క వేసి చూడండి. యోనిలో పెట్టుకునే చిన్న మాత్రలో మందు 10 మైక్రోగ్రాములు. మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండు చొప్పున ఏడాదికి సుమారు 114 మాత్రలు. మొత్తం 1.14 మిల్లీగ్రాములు. నోటి ద్వారా వాడే ఒక మిల్లీగ్రాము మాత్ర ఒక్కరోజుది. అనగా ఏడాది పొడవునా ఇక్కడ వాడేది, అక్కడ ఒక రోజున మ్రింగే దానికి కాస్త ఎక్కువ! 2018లో ప్రచురితమైన దీర్ఘకాలిక పరిశీలనలో, యోనిలో ఈస్ట్రోజెన్ వాడినవారికి రొమ్ము క్యాన్సరుగాని, గర్భాశయ క్యాన్సరుగాని, గుండెజబ్బుగాని పెరగలేదు. 2025 నవంబరులో ఆ నియంత్రణ సంస్థ ఈ హెచ్చరికలను తొలగించే నిర్ణయాన్ని ప్రకటించినది. ఇరవై రెండేళ్ళు ఒక తప్పుడు కాగితం ఎంతమంది చేత మందు మాన్పించినదో ఎవరు లెక్కకట్టగలరు?

ఇది అందరికీ ఒకేవిధంగా సరిపోతుందని నేను అనడం లేదు. రొమ్ము క్యాన్సరు వచ్చి తగ్గినవారు, ముఖ్యంగా హార్మోనును అణచే మాత్రలు వాడుతున్నవారు, మొదట హార్మోను లేని జెల్‌లే వాడాలి. క్యాన్సరు వైద్యుని అడగకుండా క్రీము ముట్టవద్దు. లేజరు చికిత్స పేరిట వేలాది రూపాయలు గుంజే ప్రకటనలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. వాటి భద్రత, ఫలితం నిర్ధారణ కాలేదని 2018లోనే హెచ్చరికలు వెలువడ్డాయి. ఆ డబ్బు మీ దగ్గర ఉంచుకోండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. ముట్లు ఆగి ఏడాది దాటిన తర్వాత ఒక్క చుక్క నెత్తురు కనిపించినా వెంటనే వైద్యురాలికి చూపించాలి. చాలాసార్లు ఈ పొడిబారడమే కారణం కావచ్చు, కాని గర్భాశయ క్యాన్సరు కాదని తేల్చుకున్న తర్వాతనే ఆ మాట అనాలి. మధుమేహం ఉన్నవారికి దురద వేరే కారణాల వలన కూడా వస్తుంది. చర్మం తెల్లగా మచ్చలు కట్టితే అది ఇంకొక వ్యాధి. కనుక మందుల దుకాణం కుర్రవాడు ఇచ్చిన గొట్టం కాదు, పరీక్ష ముఖ్యం. పరీక్షకు నొప్పి అవుతుందని భయపడేవారు ముందే చెప్పండి. చిన్న పరికరం ఉంటుంది.

సోదరులకు ఒక మాట. భార్య దూరంగా జరిగినప్పుడు మీ మనస్సులో కలిగే ఆలోచనలు నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు విన్నాను. "వయస్సు వచ్చింది, విరక్తి వచ్చింది" అని కొందరు, అంతకంటె చెడ్డ మాటలు కొందరు. పచ్చిపుండు మీద ఉప్పు రాస్తే ఎవరైనా చేయి వెనుకకు తీసుకుంటారు. అక్కడ జరుగుతున్నది అంతే. వైద్యశాలకు తోడు రండి. లోపలికి రానక్కరలేదు, బయట బెంచీ మీద కూర్చున్నా చాలును.

ఇప్పుడు మన పనిస్థలాల సంగతి. క్రీము వ్రాసి ఇచ్చి, నీళ్ళు త్రాగమని చెప్పి, మరుగుదొడ్డి లేని చోటికి తిరిగి పంపితే ఆ వైద్యం సగమే. ఇప్పటికీ చాలా ఇంజనులలో మరుగుదొడ్డి లేదు; లోకో పైలట్లుగా పనిచేసే స్త్రీలు డ్యూటీకి ముందు నీళ్ళు మానుకుంటున్నారు. పట్టాల మీద పనిచేసే గ్యాంగు స్త్రీలకు తుప్పలే గతి. అద్దె గదిలో నడిచే బ్రాంచి పోస్టాఫీసులో పక్కింటివారి దయ మీద ఆధారపడాలి. రాత్రి సార్టింగ్ చేసే ఆర్.ఎం.ఎస్. సోదరీమణులు దీపం లేని దొడ్డికి పోలేక తెల్లవారేవరకు ఆపుకుంటారు. యువతి శరీరం దీన్ని కొంతకాలం తట్టుకుంటుంది. ఈస్ట్రోజెన్ పోయిన మూత్రనాళం తట్టుకోదు. కాబట్టి గొళ్ళెం ఉన్న తలుపు, నీళ్ళు, దీపం, కౌంటరు విడిచి పోవడానికి రిలీవర్, ఇవి మీ కోరికల పత్రంలో సౌకర్యాల శీర్షిక కింద కాదు, వైద్యం శీర్షిక కింద వ్రాయండి.

మీ రైల్వే వైద్యశాలలో, సి.జి.హెచ్.ఎస్. డిస్పెన్సరీలో ఈ క్రీము నిలువలో ఉన్నదో లేదో ప్రతి శాఖా వ్రాతపూర్వకంగా అడగాలి. పదవీ విరమణ చేసి ఆర్.ఇ.ఎల్.హెచ్.ఎస్. కార్డు ఉన్నవారికి కూడా అది అందాలి. బాధ అరవై తర్వాత ఆగిపోదు. గ్రామీణ డాక్ సేవకులకు సి.జి.హెచ్.ఎస్. వర్తించదు. వారు ఈ మందు జేబులో నుండి కొనుక్కోవాలి, లేదా మానుకోవాలి. ఈ సదస్సు తీర్మానాలలో ఆ సంగతి చేరాలని నా విన్నపం. ఇంకొకటి, సిక్ సర్టిఫికెట్ మీద రోగం పేరు చదివి కార్యాలయంలో నవ్వుకుంటారన్న భయంతో సెలవు పెట్టనివారు నాకు తెలుసు. ఆ కాగితం ఎవరెవరి చేతుల మీదుగా పోతున్నదో మీ కార్యదర్శులు ఆరా తీయాలి.

ఆ బుకింగ్ క్లర్కు మూడవ నెలలో మళ్ళీ వచ్చినది. అంతకు ముందు వలె కుర్చీ అంచున కాక సరిగా కూర్చున్నది. మంట లేదని చెప్పినది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళలో ఇన్‌ఫెక్షను అసలే రాలేదని నేను చెప్పను, రెండుసార్లు వచ్చినది. దరఖాస్తు ఏమైనదని అడిగితే, "పెట్టెలో చీరల అడుగున ఉందండీ" అన్నది. అరవై నిండేవరకు అది అక్కడే ఉన్నది. మరుగుదొడ్డి మాత్రం ఆమె పదవీ విరమణ చేసే నాటికి కూడా ప్లాట్‌ఫారం అవతలి కొసనే ఉన్నది.

బల్ల మీద ఒక అట్టపెట్టె పెట్టించాను. పక్కనే చీటీలు, పెన్సిళ్ళు ఉన్నాయి. పేరు వ్రాయవద్దు, శాఖ వ్రాయవద్దు, ప్రశ్న మాత్రం వ్రాయండి. భోజనానంతరం ఒక్కొక్కటే చదివి జవాబు చెబుతాను. సోదరుల చీటీలు కూడా అందులోనే వేయవచ్చు.